గోదాము ముందా, వ్యాను ముందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

హైదరాబాద్‌లో ఫుడ్ బ్యాంకు పెడదామనుకునేవాళ్లూ, ఇప్పటికే నడుపుతూ చిక్కుల్లో పడ్డవాళ్లూ, ఇవ్వడానికి సరుకుండి ఎవరికివ్వాలో తెలియనివాళ్లూ రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట కలిపేశాం.

ప్రశ్న: మేం పదకొండుమంది రిటైర్డ్ ఉద్యోగులం. కాలనీ తరఫున ఫుడ్ బ్యాంకు పెట్టి, ఫంక్షన్ హాళ్లలో మిగిలిన భోజనం తెచ్చి బస్తీల్లో పంచాలని ఆలోచన. లక్షా ఎనభై వేలకు పాత వ్యాను బేరం కుదిరింది. కొనేయమంటారా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఇప్పుడే కొనకండి. కనీసం ఆరు నెలలు ఆగండి.

మీరు చెప్పిన పని మంచిదే, కానీ దాని పేరు ఫుడ్ బ్యాంకు కాదు. వండిన భోజనం మిగిలినచోట ఎత్తుకుని వేడి తగ్గకముందే పంచేయడం ఒక పని. దానికి ఫోనూ, బండీ, నలుగురు కుర్రాళ్లూ చాలు. ఆ రాత్రి మొదలై ఆ రాత్రికే ముగిసిపోతుంది. బియ్యం, పప్పు, నూనె, పిండి పోగుచేసి, నిల్వపెట్టి, వంటిల్లు నడిపే ఆశ్రమాలకూ షెల్టర్లకూ నెలనెలా లెక్కప్రకారం ఇవ్వడం వేరే పని. బ్యాంకు అన్న మాట ఈ రెండోదాని కోసం పుట్టింది.

పుట్టిన చోటు అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరం. సంవత్సరం 1967. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన పేదల భోజనశాలలో సేవ చేస్తూ, తోటల్లో రాలిపోయే పండ్లు ఏరుకొచ్చి ఇస్తుండేవాడు. దుకాణాల వెనక చెత్తడబ్బాల్లో తిండి వెతుక్కుని పిల్లల్ని పోషిస్తున్న ఒక తల్లి మాటల్లోంచి ఆయనకీ ఆలోచన వచ్చింది: మిగిలినవాళ్లు వేసేందుకు, కావలసినవాళ్లు తీసుకునేందుకు తిండికీ ఒక బ్యాంకు ఉండాలని. సెయింట్ మేరీస్ చర్చివాళ్లు మూతపడ్డ ఒక బేకరీ భవనం ఇచ్చారు. తొలి ఏడాదే దాదాపు లక్షా పాతిక వేల కిలోల సరుకు అందులోంచి బయటికెళ్లింది. 1979లో సెకండ్ హార్వెస్ట్ పేరుతో ఇలాంటివన్నీ ఒక గొలుసుగా కలిశాయి. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అంటున్నది దాన్నే. మీరు గమనించాల్సింది ఆ బేకరీ భవనాన్ని. అంత సరుకు ఒక్క ఏడాదిలో కదిలిందంటే దింపుకోవడానికి చోటుండబట్టే.

మనకు అన్నదానం బాగా అలవాటు. అయితే అన్నదానం తేదీని దాత నిర్ణయిస్తాడు: పుట్టినరోజు, పెళ్లిరోజు, తద్దినం. జనవరి 1న, అక్టోబర్ 2న వృద్ధాశ్రమాల్లో మూడేసి భోజనాలు వచ్చిపడతాయి. ఆ తర్వాతి మంగళవారం పప్పు డబ్బా అడుగంటుతుంది. ఆ మంగళవారం బాధ్యత తీసుకునేదే ఫుడ్ బ్యాంకు.

అందుకని ముందు మీకు దగ్గర్లోని ఐదు సంస్థలకు వెళ్లండి. రోజూ తినేది ఎంతమంది, నెలలో ఎన్ని పూటలు దాతలు పెడతారు, డబ్బిచ్చి కొనేది ఏమిటి – ఈ మూడూ రాసుకోండి. నలభైమంది పిల్లలున్న హాస్టల్ అనుకుందాం. మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె చొప్పున నెలకు 360 కిలోల బియ్యం, 60 కిలోల పప్పు, 30 కిలోల నూనె. బియ్యం ఒక్కటే 25 కిలోల బస్తాలు పద్నాలుగుకు పైనే. అలాంటి హాస్టళ్లు ఐదు ఉంటే 72 బస్తాలు. వీటికి పది అడుగులకు పన్నెండడుగుల పొడిగది, ప్లాట్‌ఫాం కాటా, నాలుగు రిజిస్టర్లు కావాలి. నెలకు రెండుసార్లు ట్రాలీ ఆటో అద్దెకు మాట్లాడుకుంటే రవాణా అయిపోతుంది. సొంత వ్యాను ఉంటే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు, డ్రైవరు జీతం బియ్యం డబ్బులు తినేస్తాయి. నెలలో పన్నెండు ట్రిప్పులు దాటినప్పుడు వ్యాను సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రశ్న: ట్రస్టు మంచిదా, సొసైటీ మంచిదా? ఇంకా ఏయే కాగితాలు కావాలి?
– నాగోల్, మియాపూర్ నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: పదిమంది కలిసి పెట్టేదైతే సొసైటీ. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఒక కుటుంబమో ఇద్దరు ముగ్గురు స్నేహితులో అయితే ట్రస్టు తేలిక, సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడ్ రిజిస్టర్ చేస్తారు. పెద్ద కంపెనీలు సమాజసేవకు కేటాయించే సీఎస్ఆర్ నిధుల మీద దృష్టి ఉంటే లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ పెట్టొచ్చు గానీ ఏటా ఫైలింగుల ఖర్చు భరించాలి.

రెండోది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, అనుమతి. మిగులు ఆహారం సేకరించి పంచే సంస్థల కోసం 2019లో ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి, ఎక్కడినుంచి వచ్చింది, ఎవరికి వెళ్లింది అన్న రికార్డు ఉండాలి. దరఖాస్తు ఆ సంస్థవాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో. "మేం అమ్మడం లేదు కదా, మాకెందుకు" అని చాలామంది వదిలేస్తారు. అమ్మకపోయినా తిండి చేతులు మారితే అది ఫుడ్ బిజినెస్ కిందికే వస్తుంది. పైగా పెద్ద హోటలైనా సూపర్ మార్కెటైనా మిమ్మల్ని అడిగే మొదటి కాగితం ఇదే.

దాతలు అడిగేది పన్ను రాయితీ, అదే 80జి అని అందరూ పిలిచేది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. రెండు వేలకు మించి నోట్ల రూపంలో ఇస్తే రాయితీ రాదు. బియ్యం బస్తాల రూపంలో ఇస్తే అసలే రాదు. పది బస్తాలిచ్చి రసీదు మీద ధర వేయమని అడిగే దాతకు నవ్వుతూ వద్దని చెప్పండి. వేశారంటే ఆడిట్‌లో ఇరుక్కునేది మీరు. బస్తాలకు సరుకు రసీదు వేరే పుస్తకంలో, తూకంతో, ధర లేకుండా ఇవ్వాలి.

ప్రశ్న: క్యాటరింగ్ చేస్తాను. మొన్న రిసెప్షన్‌లో రెండు డేగ్‌ల (పెద్ద వంట పాత్రల) చికెన్ బిర్యానీ మిగిలింది. రాత్రి 11:30కి ఫోన్ చేస్తే ఒక సంస్థవాళ్లు ఒక డేగ్ తీసుకుని రెండోది వద్దన్నారు. రెండూ ఒకే వంట, ఒకే రుచి. పారబోశాను, కడుపు తరుక్కుపోయింది. ఇదేం పద్ధతండీ?
– ఒక పాఠకుడు, అత్తాపూర్

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ వాళ్లు చేసింది సరైన పనే. ఒకటి దమ్ తీయని డేగ్, రెండోది బఫేకి తెరిచి, గరిటె తిప్పి, మళ్లీ మూతపెట్టినది అయివుంటుంది.

ఉడికిన అన్నంలో కూడా చావని ఒక క్రిమి ఉంది, బాసిల్లస్ సీరియస్. బియ్యంలో దాని విత్తులు పొడిగా పడి ఉంటాయి, ఉడకబెట్టినా బతికే ఉంటాయి. అన్నం వేడి 60 డిగ్రీల కంటే తగ్గి గోరువెచ్చగా మారినప్పుడు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ ఎంత వేడిచేసినా పోదు. "పొగలు వచ్చేదాకా వేడిచేసి పెడతాం" అన్న మాట అందుకే చెల్లదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. వాసన మారదు, రుచి మారదు. వాసన చూసి బాగుందని చెప్పేవాళ్ల మాట మీద నలభైమంది పిల్లలకు పెట్టలేం.

సేకరణకు వచ్చినవాళ్ల దగ్గర ప్రోబ్ థర్మామీటరు ఉండాలి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. డేగ్ నడిమధ్యలో ఒకసారి, గోడకు రెండంగుళాల ఇవతల ఒకసారి, పైపొరలో ఒకసారి గుచ్చాలి. మధ్యలో 70 చూపించి పైన 48 చూపించడం మామూలే, మొదట చల్లారేది అంచులూ పైపొరా. మూడుచోట్లా 60 దాటితే తీసుకోవచ్చు. ఒక్కచోట తగ్గినా, తగ్గి ఎంతసేపైందో మీరు గట్టిగా చెప్పగలగాలి. రెండు గంటలు దాటితే వద్దు. తెలియదంటే దాటినట్టే లెక్క.

ఇకముందు పారబోయకుండా ఉండాలంటే మీవైపు నుంచి చేయగలిగినవి ఉన్నాయి. అన్ని డేగ్‌లూ ఒకేసారి విప్పకండి. జనం పలచబడుతున్నారని తెలిసినప్పుడు, అంటే తొమ్మిదిన్నరకే, ఫోన్ చేయండి. పదకొండున్నరకు చేస్తే అవతల నైట్ షెల్టర్‌లో అందరూ పడుకుని ఉంటారు, బండి ఎక్కడికెళ్లాలో వెతుక్కునేసరికి గంట పోతుంది. తీసుకెళ్లేవాళ్లు రానిరోజున డేగ్‌ను అలాగే ఫ్రిజ్ గదిలోకి తోయకండి. అంత లోతు పాత్రలో నడిమి భాగం తెల్లారేదాకా చల్లబడదు. రెండంగుళాల లోతు మించని ట్రేల్లోకి తీయాలి. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడినుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. మర్నాడు వాడేటప్పుడు లోపలిదాకా 75 డిగ్రీలు వచ్చేలా ఒకేసారి వేడిచేయాలి. రెండోసారి వేడిచేయకూడదు.

బిర్యానీతో పాటు ఇచ్చే పెరుగు చట్నీ, కోసిన ఉల్లి, నిమ్మ, సలాడ్, కోసిన పండ్లు తీసుకోరు. పెరుగన్నం కూడా అంతే. ఎంత మంచిదైనా ఏ గంటకు పులిసిందో చెప్పలేం. మయోనైజ్ ఊసే వద్దు. పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించిందంటే ఊరికే కాదు. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా లాంటివి మూతతో ఉంటే సంతోషంగా తీసుకుంటారు. అయితే పైన పోసే మలాయి విడిగా ఉంచండి.

ప్రతి పాత్ర మీదా పట్టీ అంటించాలి: పదార్థం పేరు, శాకాహారమా మాంసాహారమా, ఎక్కడ వండారు, ఎన్ని గంటలకు దింపారు, ఎన్ని గంటల్లోపు తినాలి. తెల్ల మాస్కింగ్ టేపు మీద మార్కర్‌తో రాసినా చాలు. ఎంతమందికి సరిపోతుందో ముందే చెబితే ఇంకా మేలు. కిలో బియ్యానికి అన్నం రెండున్నర కిలోలు తక్కువ కాకుండా అవుతుంది, మనిషికి 400 గ్రాములు వేస్తే ఆరుగురు. పది కిలోల బియ్యపు బగారా అన్నం అరవైమందికి. "రెండు డేగ్‌లు" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు, డేగ్ సైజులు మీకే తెలుసు.

ప్రశ్న: దాతలిచ్చిన బియ్యం నలభై బస్తాలు. ఏప్రిల్‌లో దించాం, జులైకల్లా సగం పురుగు. గోడవారగా చక్కగా పేర్చాం, తాళం వేశాం. ఎండలో పోస్తే పోతుందా? మాత్రలు పెట్టమని ఒకాయన సలహా.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. అది మనుషుల్ని చంపుతుంది, గోడల సందుల్లోంచి పక్కింటికి కూడా పాకుతుంది. జనం ఉండే భవనంలో, శిక్షణ లేని చేతులతో వాటి జోలికి వెళ్లకండి. ఉంటే ఇప్పుడే బయటికి పంపించేయండి.

ఎండలో పోస్తే కొంత పురుగు పారిపోతుంది గానీ గింజ పగులుతుంది, వండితే నూకల జావ అవుతుంది. నీడలో పలచగా పరిచి, జల్లెడ పట్టి, చెరిగి, ఆరబెట్టడమే దారి. పట్టింది ముక్కపురుగు మాత్రమే అయి, గింజ గట్టిగా ఉంటే శుభ్రంచేసి వారంలో వండేసే వంటింటికి, సంగతి చెప్పి మరీ ఇవ్వొచ్చు. గూళ్లు కట్టినా, ముద్దలైనా, ముక్కవాసన వచ్చినా మనుషులకు కాదు. పిండికి పురుగు పడితే ఆలోచనే లేదు, తీసేయాల్సిందే.

అసలు తప్పు "గోడవారగా చక్కగా పేర్చాం" అన్న మాటలో ఉంది. వానాకాలంలో గోడ చెమ్మ పీల్చి వెనకవరసకు ఇస్తుంది. బియ్యంలో తేమ 14 శాతం దాటితే పురుగుకీ బూజుకీ పండగ. గోడకూ బస్తాకూ మధ్య ఒకటిన్నర అడుగు, నేలకూ బస్తాకూ మధ్య కనీసం నాలుగంగుళాలు ఖాళీ ఉండాలి. చెక్క ప్యాలెట్లు పాతసామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, కొనేముందు తట్టి చూడండి, చెదలుంటే పొడి రాలుతుంది. ఎత్తు పది బస్తాలు దాటితే అడుగు బస్తాలు నలిగి కుట్లు విచ్చుకుంటాయి. పక్కనుంచి మనిషి నడవగలిగే సందు వదిలితేనే వెనకేం జరుగుతోందో తెలుస్తుంది.

రెండో తప్పు అంతకన్నా మామూలుది. కొత్త బస్తాలు పాతవాటి ముందు దించేసి ఉంటారు, తీసేటప్పుడు ముందున్నవే తీసి ఉంటారు. అడుగున మూల బస్తా ఏప్రిల్ నుంచీ కదల్లేదు, పురుగు పుట్టింది అక్కడే. ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ పెద్ద అంకెల్లో రాయండి. పొట్లాల సరుకైతే గడువు దగ్గరపడ్డది ముందు వెళ్లాలి. శనివారం శనివారం ఒక బస్తాలో చెయ్యి మోచేతిదాకా పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే పురుగు పని మొదలైందని అర్థం, కంటికి కనబడే రెండు వారాల ముందే చెయ్యికి తెలుస్తుంది. వేపాకు వేయడం తప్పు కాదు, కానీ దాన్నే నమ్ముకోకండి. ఎండిపోయాక రాలి బియ్యంలో కలిస్తే చెరగలేక చస్తారు.

ఇంకోమాట, మీరు అడగలేదు గానీ. దాతలిచ్చేవాటిలో రేషన్ బియ్యం బస్తాలు వస్తుంటాయి. పోగుచేసి తెచ్చేవాళ్ల దగ్గర చవగ్గా కొనమని ఎవరైనా చెబితే వినకండి. రేషన్ బియ్యం కొనడం, అమ్మడం రెండూ నేరమే, గోదాములో దొరికితే "పేదలకే కదా" అన్న జవాబు పనిచేయదు.

ప్రశ్న: నలుగురున్న ఇంటికి నెల కిట్‌లో ఏమేం పెట్టాలి? మేం 20 కిలోల బియ్యం, కిలో పప్పు ఇస్తున్నాం. బియ్యం అమ్ముకుంటున్నారని మావాళ్లకు కోపం.
– ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: కోపం వాళ్ల మీద కాదు, కిట్ మీద తెచ్చుకోవాలి. తెలంగాణలో కార్డు ఉంటే మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున నలుగురికి 24 కిలోల బియ్యం రేషన్ షాపులోనే వస్తున్నాయి, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. దాని మీద మీరు ఇంకో 20 ఇస్తే ఆ ఇల్లాలు అవి అమ్మి పప్పూ నూనే కొనుక్కుంటోంది. లెక్క తెలిసిన మనిషి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల పళ్లేనికి చెప్పిన లెక్కలో పప్పులు, లేదా గుడ్డు, మాంసం రోజుకు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. నలుగురికి నెలకు పప్పులే పది కిలోలు, నూనె మూడు కిలోల పైన. అంతా మీరు ఇవ్వలేరు, సగానికైనా దగ్గరపడండి. కార్డు ఉన్న ఇంటికి కందిపప్పు మూడు కిలోలు, శనగపప్పో పెసరపప్పో ఒక కిలో, పల్లీలు కిలో, నూనె రెండు లీటర్లు, గోధుమపిండో జొన్నపిండో మూడు కిలోలు, అయోడిన్ ఉప్పు కిలో, చింతపండు అరకిలో, కారం పావుకిలో, పసుపు వంద గ్రాములు. మొత్తం దాదాపు పన్నెండు కిలోలు. ఒక్క సంచిలో వేస్తే ముసలామె బస్సెక్కలేదు, రెండు చేతులకు రెండు సంచులు చేయండి.

కార్డు లేని ఇంటికి దీనిమీద బియ్యం కలపాలి. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీలకు సొంతూరి కార్డు ఉంటే ఇక్కడి షాపులోనూ తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద. చాలామందికి ఆ సంగతి తెలియదు. కిట్ ఇచ్చేముందు షాపుదాకా ఒక మనిషిని తోడు పంపితే అది నెలనెలా పనిచేస్తుంది.

ప్యాకింగ్‌లో జరిగే నష్టాలు: నూనె ప్యాకెట్ అడుగున పెడితే పగిలి పిండి పాడు. సబ్బులు పిండి పక్కన పెడితే రొట్టెకు సబ్బువాసన, ఎవరూ తినరు. ఉప్పు ప్యాకెట్ చిల్లుపడితే చుట్టూ చెమ్మ. ఈ మూడూ విడి కవర్లో వేయండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్ నడుపుతున్నాం. డేట్ దగ్గరపడ్డ సరుకు ఇస్తే పన్ను లెక్కల్లో నష్టమని అకౌంటెంట్ అంటున్నారు.
– కొండాపూర్

జవాబు: ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మీరు తీసుకున్న మినహాయింపు, వెనక్కి కట్టాలన్నది నిజమే. కానీ అదే జీఎస్టీ సెక్షన్, 17(5), పారేసిన సరుకుకీ అదే చెబుతుంది. పారేసినా ఇచ్చినా పన్ను ఒకటే, ఇస్తే చెత్త తరలింపు ఖర్చు మిగులుతుంది. "బెస్ట్ బిఫోర్" నాణ్యత గురించి, "యూజ్ బై", "ఎక్స్‌పైరీ" భద్రత గురించి. ఈ రెండో రకం తేదీ దాటినది ఎవరికీ ఇవ్వకండి. గడువుకు కనీసం ముప్పై రోజులుండగా పంపితే ఫుడ్ బ్యాంకు దాన్ని దించుకుని, విడదీసి, వంటింటికి చేర్చగలుగుతుంది. మూడు రోజులుండగా పంపితే మీ చెత్తను వాళ్ల గుమ్మంలోకి మార్చినట్టు.

ప్రశ్న: బోయిన్‌పల్లి మార్కెట్‌లో మధ్యాహ్నం తర్వాత కూరగాయలు ఊరికే ఇస్తారట. తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుమలగిరి

జవాబు: తెచ్చుకోవచ్చు, తెచ్చిన రోజే వండే వంటిల్లు చేతిలో ఉంటే. కమిషన్ ఏజెంటుతో ముందే మాట్లాడి, ప్లాస్టిక్ క్రేట్లు మీరే పట్టుకెళ్లండి. టమాటాలు గోనెసంచిలో పోస్తే ఇల్లు చేరేలోపు పైవి కిందివాటిని నలిపేస్తాయి. ఏరడం మార్కెట్‌లోనే చేయండి. ఆకుకూరలు, బీరకాయ సాయంత్రానికి. దోస, గుమ్మడి, ఆలు, ఉల్లి వారం ఆగుతాయి. మొలకెత్తి పచ్చబడ్డ ఆలు వద్దు. కుళ్లినవి అక్కడే వదిలేయొచ్చు. రోజుకు పది టన్నుల వ్యర్థాలనుంచి ఐదొందల యూనిట్ల దాకా కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు ఆ మార్కెట్‌లోనే ఉంది.

ప్రశ్న: మా ఊపు రెండేళ్లకే తగ్గిపోయింది. మొదట్లో అరవైమంది వలంటీర్లు, ఇప్పుడు ఏడుగురు. ఎక్కడ తప్పాం?
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఏడుగురు చాలు, ఆ ఏడుగురికీ వారం, గంట రాసి ఉంటే. అరవైమందికి "వీలున్నప్పుడు రండి" అంటే ఎవరికీ వీలుండదు.

ఆగిపోయే సంస్థల్లో చూస్తే సరుకు కొరత కంటే ముందు గోదాము అద్దె ఆగుతుంది. దాతలు బియ్యానికి ఇస్తారు, అద్దెకూ కరెంటుకూ హమాలీకీ ఇవ్వమంటే మొహం తిప్పుకుంటారు. అందుకని మొదటిరోజే అద్దెకు వేరే చందా పెట్టాలి. నెలకు ఐదొందల చొప్పున ముప్పైమంది, తమ పేరు వేయమని అడగనివాళ్లు. మొత్తం చందాలో ఒకే కంపెనీ వాటా మూడోవంతు దాటకుండా చూసుకోండి. ఆ కంపెనీలో ఆఫీసర్ మారినరోజున మీ హాస్టల్ పిల్లల పప్పు మారకూడదు. గోదాములో ఒక నెల సరుకు ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచండి. ఇవ్వగలిగినదానికంటే తక్కువే ఒప్పుకోండి. పది సంస్థలకు ఒకనెల ఇచ్చి మరునెల ఎగ్గొట్టడం కంటే నాలుగింటికి ప్రతినెలా ఐదో తారీకున ఇవ్వడం వాళ్లకు ఉపయోగం. తారీకు నమ్మకమైతే వాళ్లు సరుకు కోసం దాచుకునే డబ్బును అద్దెకో మందులకో వాడుకోగలుగుతారు.

రిజిస్టర్లు నాలుగు: వచ్చింది, వెళ్లింది, పాడైంది, డబ్బు. మూడోదాన్ని చాలామంది పెట్టరు, పరువు తక్కువని. నిజానికి అందులోనే మీకు పాఠాలుంటాయి. ఏ నెల, ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎందుకు. నెలాఖరున గదిలో ఉన్నది లెక్కపెట్టి, నెల మొదట్లో ఉన్నదానికి వచ్చింది కలిపి, అందులోంచి వెళ్లిందీ పాడైందీ తీసేసి చూడండి. తేడా వస్తే దిద్దకుండా ఎర్రసిరాతో రాయండి. సరుకు తీసుకునే సంస్థకు మూడు నెలలకోసారి చెప్పకుండా భోజనం వేళకు వెళ్లండి, తినేవాళ్లను లెక్కపెట్టుకుని రండి.

ఫొటోల గురించి కూడా అడిగారు. సరుకు ఫొటో తీయండి, తూకం ఫొటో తీయండి. తీసుకునేవాళ్ల మొహాలు వద్దు.

ప్రశ్న: రంజాన్ కిట్లు చేస్తున్నాం. జకాత్, ఫిత్రా డబ్బు కూడా వస్తోంది. మామూలు చందాతో కలపొచ్చా?
– ఒక పాఠకుడు, టోలీచౌకి

జవాబు: కలపకండి. జకాత్ అంటే ముస్లింలు ఏటా తమ సంపదలోంచి తీయాల్సిన వాటా. అది ఎవరికి చెందాలో నియమాలున్నాయి, గోదాము అద్దెలోకి పోతే ఇచ్చినవాళ్ల బాధ్యత తీరదు. వేరే ఖాతా, వేరే రసీదు పుస్తకం పెట్టండి. దేనికి వాడాలో దాత చేత రసీదు మీదే రాయించుకోండి. కిట్‌లో ఖర్జూరం, కాబూలీ శనగలు, శనగపిండి, సేమ్యా, చక్కెర, నూనె వేసి, రంజాన్‌కు ముందు నెల షాబాన్, ఆ నెల 20కల్లా ప్యాకింగ్ ముగించండి. నెలవంక కనబడ్డాక బేగంబజార్‌లో ఖర్జూరం ధర మీ బడ్జెట్ మాట వినదు.

ఫిత్రా, అంటే రంజాన్ ముగింపులో పేదలకిచ్చే దానం, సంగతి ఇంకా కచ్చితం. ఈద్ నమాజుకు ముందే అది చేరాల్సినచోటికి చేరాలి. అందుకని ఇరవై ఏడో రోజా (ఉపవాసం) తర్వాత వచ్చేదాన్ని, మర్నాడే పంచే మనుషులు సిద్ధంగా ఉంటేనే తీసుకోండి. లేకపోతే దగ్గర్లోని మసీదు కమిటీ దగ్గరికి పంపించండి, రసీదు రాయొద్దు.